నవల రాసుకోవడానికి ఆర్నెల్లు భీమిలిలో: రెండుసార్లు ఉండొచ్చినదాని జవాబు

మీ ప్రశ్న చదవగానే మా ఇంట్లో పదేళ్ళ కిందట జరిగిన గొడవ గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాను. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మీవారికి కంపెనీ జీతం లేకుండా ఆరు నెలలు సెలవు ఇచ్చింది. సగం రాసి ఆపేసిన నవల పూర్తి చేయాలని ఆయన కోరిక. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా భీమిలిలో సముద్రం కనిపించే ఇల్లు తీసుకుందామంటున్నారు. మీది ఇంటి నుంచే చేసే ఉద్యోగం. పాప అయిదో తరగతి, బాబుకి మూడేళ్ళు. వెళ్ళొచ్చా, ఏ నెలల్లో, ఎలాంటి ఇల్లు, పాప చదువు ఏం చేయాలి, అసలు అక్కడ రాత సాగుతుందా?

మేం ఇలా రెండుసార్లు వెళ్ళి ఉన్నాం. రెండుసార్లూ భీమిలే, రెండుసార్లూ ఒకే ఇల్లు. 2014లో సెలవు మావారిది. ప్రకటనల కంపెనీలో డిజైనరుగా చేసేవారు, బొమ్మలు వేసుకుని ఒక ప్రదర్శన పెట్టాలని ఎనిమిది నెలలు జీతం నష్టంతో సెలవు పెట్టారు. 2018 చివర్లో సెలవు నాది. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను, చేతిలో ఒక పెద్ద అనువాదం ఉంది. మొదటిసారి నేను వంటింట్లో ఉన్న మనిషిని, రెండోసారి గది తలుపేసుకున్న మనిషిని. మొదటిసారి ఇరవై బొమ్మలు అనుకుంటే ఏడు వచ్చాయి, అందులో మూడు హైదరాబాద్ తిరిగొచ్చాక వేసినవే. రెండోసారి నాలుగు నెలల్లో అనువాదం పూర్తయింది. పట్టుదల ఆయనకే నాకన్నా ఎక్కువ. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చేయలేదు, అంతే.

ముందుగా, సెప్టెంబరు మాట మర్చిపోండి.

మేం 2014 ఆగస్టులో దిగాం. రెండు నెలలు బాగానే గడిచాయి. అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు రోజుల ముందు నుంచే వస్తున్నాయి కానీ, తుపాను అంటే పేపర్లో చదవడమే తప్ప ఎరగని మేము కొవ్వొత్తులు కొనుక్కుని కూర్చున్నాం. ఇంటికీ సముద్రానికీ మధ్య రెండు వీధులే. శనివారం సాయంత్రం ఇంటి ఓనరు, మేం పిన్నిగారు అని పిలిచే ఆవిడ, వచ్చి, "ఇంకా ఏటి చూస్తన్నారు, పిల్లల్ని ఎత్తుకుని పదండి" అని దాదాపు తిట్టి, తగరపువలసలో వాళ్ళ చెల్లెలి డాబా ఇంటికి తీసుకెళ్ళారు. ఆదివారమంతా గాలి చేసిన చప్పుడు మా అమ్మాయికి ఇప్పటికీ గుర్తే. తిరిగొచ్చేసరికి దారంతా కూలిన చెట్లు, ఒరిగిన స్తంభాలు. నిలబడ్డ చెట్లకు కూడా ఆకు లేదు, ఉన్న నాలుగాకులూ నిప్పు సెగ తగిలినట్టు కమిలిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు లేదు. పిన్నిగారి పెరట్లో నుయ్యే వీధికంతటికీ దిక్కయింది. మావారు మూడు వారాలు కుంచె ముట్టలేదు. నీళ్ళు తోడే పని ఆయనదే మరి.

ఇదొక్కటే చూసి చెప్పడం లేదు. బంగాళాఖాతంలో తుపాన్లకు ఏటా రెండు కాలాలు: వర్షాకాలానికి ముందు ఏప్రిల్, మే నెలలు, తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు. 2018లో డిసెంబరు మూడో వారంలో వెళ్దామనుకుంటే, 17న పెథాయ్ తూర్పుగోదావరి జిల్లాలో తీరం దాటింది. టికెట్లు మార్చుకుని వారం ఆగి బయల్దేరాం. మేం ఏప్రిల్ చివర్లో వచ్చేస్తే, మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటుతూ శ్రీకాకుళం జిల్లాను కూడా కొట్టిపోయింది. అందుకని డిసెంబరు చివరి వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా అని పెట్టుకోండి. ఏప్రిల్ దాటితే తుపాను రాకపోయినా ఉక్కపోత చంపేస్తుంది. చొక్కా ఆరదు, మనిషి ఆరడు.

అంటే నాలుగు నెలలే కదా, సెలవు ఆరు నెలలు కదా అంటారు. మిగతా రెండు నెలలూ హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి. వెళ్ళేముందు ఒక నెల, వచ్చాక ఒక నెల. వెళ్ళేముందు నెలలో పాత రాతప్రతి మొత్తం చదివి, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఆయన తేల్చుకోవాలి. ఆ పని సముద్రం దగ్గర చేద్దామనుకుంటే మొదటి నెల మొత్తం దానికే పోతుంది. వచ్చాక నెల దిద్దుకోవడానికి. మీవారి నవల సగం రాసి ఉండటం చాలా మంచి సంగతి. కొత్తగా మొదలుపెడతానన్న వాళ్ళకైతే వెళ్ళవద్దనే చెప్తాను.

ఇక ఇల్లు. సముద్రం కనిపించే ఇల్లు వద్దు. బీచ్ రోడ్డు మీద ఇంటికి అద్దె ఎక్కువ, ఆదివారం వస్తే విశాఖ నుంచి జనం, స్పీకర్లు, హారన్లు. అదీ కాక, సముద్రం వైపు బల్ల వేసుకున్నవాడు సముద్రాన్నే చూస్తాడు. మావారు మొదటి నెల అంతా చేసింది అదే. ఆ చూపంతా బొమ్మల్లోకి వచ్చిందా అంటే, ఆ ఏడు బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ సముద్రం లేదు. రెండోసారి నేను అదే గదిలో బల్లను గోడవైపు తిప్పించాను. సముద్రం ఎలాగూ రాత్రిళ్ళు వినిపిస్తూనే ఉంటుంది.

గంటస్తంభం, బజారు ఉన్న వైపు రెండో వీధిలోనో మూడో వీధిలోనో చూడండి. పాలు, కూరగాయలు, మందుల షాపు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. రాసే గదికి గడియపడే తలుపు ఉండాలి, ఆ గదిలోంచి బాత్రూముకి దారి ఉండకూడదు. మా ఇంట్లో మొదటిసారి సరిగ్గా అదే జరిగింది, నాలుగేళ్ళ పిల్లాడు రోజుకు పదిసార్లు "నాన్నా, ఇది ఏం బొమ్మ?" అనుకుంటూ పోయేవాడు. కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి, తీరం దగ్గర కొన్ని బోర్లు ఉప్పగా ఉంటాయి. ఇన్వర్టరు ఉందా అడగండి. ఇంటి ఓనర్లు పదకొండు నెలల అగ్రిమెంటు అడుగుతారు. నాలుగు నెలలకే అని ముందే చెప్పి, కావాలంటే అయిదో నెల అద్దె కూడా ఇస్తామనండి, చాలామంది ఒప్పుకుంటారు. 2018లో మేం నెలకు రూ. 10,000 కట్టాం. ఇప్పుడు అంతకు దొరుకుతుందని ఆశపడకండి.

మీ ప్రశ్నలో లేని విషయం ఒకటుంది. బాబుని ఎవరు చూస్తారు?

హైదరాబాద్‌లో మీకు పనిమనిషి ఉండి ఉంటుంది, పక్కింటివాళ్ళు, అత్తగారో అమ్మగారో ఉండి ఉంటారు. అక్కడ మొదటి రోజు ఎవరూ ఉండరు. సెలవు పెట్టేది ఆయనొక్కరే, ఇల్లు మారేది మాత్రం నలుగురూ. మా మొదటి మకాంలో మావారు ఎనిమిదింటికి లేచేవారు. టీ తాగి, మూడ్ కోసం ఇసుకలో నడిచి, పదకొండుకి కుంచె పట్టుకుంటే ఒంటిగంటకు భోజనం. ఆలోగా ఇద్దరు పిల్లలు, గ్యాసు బండ, చేపలు తోమడం, పిన్నిగారి అమ్మలక్కల పంచాయతీలు, అన్నీ నావే. ఆయన చెడ్డవారేం కాదు. ఏ వేళ ఎవరిదో మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు, అదీ గొడవ. జనవరిలో ఒకరోజు పిల్లల్ని తీసుకుని ఖమ్మం మా అమ్మగారింటికి వెళ్ళిపోయాను. పన్నెండు రోజులు. ఇక హాయిగా వేసుకుంటారనుకున్నా. ఆ పన్నెండు రోజుల్లో ఆయన ఒక్క బొమ్మా వేయలేదట, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందట!

రెండోసారి వంటింటి తలుపు వెనక కాగితం అంటించాం. పొద్దున అయిదు నుంచి పది దాకా నాది. ఆ అయిదు గంటలూ నేను ఇంట్లో లేనట్టే. పిల్లలు, టిఫిను, పాలవాడు, కరెంటు బిల్లు అంతా ఆయన చూసుకున్నారు. పది తర్వాత వంట నాది. మధ్యాహ్నం, పొద్దున చేసింది ఒకసారి చదువుకునేదాన్ని. సాయంత్రం అందరం ఒడ్డుకి. ఆదివారం పూర్తిగా ఆయనది, ఎక్కడికి పోతారో అడిగేదాన్ని కాదు.

మీ ఉద్యోగానికి వేళలున్నాయి కాబట్టి మీది మాకన్నా సులువు. తెల్లారుజామున అయిదు నుంచి తొమ్మిది దాకా ఆయన రాసుకుంటారు, మీరు బాబుని చూస్తారు. తొమ్మిదిన్నర నుంచి మీ ఆఫీసు అయ్యేదాకా బాబు ఆయన చేతిలో. ఈ లెక్క ఆయనకు నచ్చకపోతే, ఆ అసంతృప్తి భీమిలి చేరాక కాదు, ఇప్పుడే బయటపడనివ్వండి. నాలుగు గంటలు తక్కువేం కాదు. రోజుకు మూడు పేజీల చొప్పున వారానికి అయిదు రోజులు రాసినా నాలుగు నెలల్లో రెండువందల యాభై పేజీలు తేలతాయి. అయితే మొదటి రెండు వారాలు ఏమీ సాగదు. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ రెండు వారాలూ "ఎన్ని పేజీలయ్యాయి" అని మీరు అడగకండి, ఆయన ముఖం చూసి టెన్షన్ పడకండి.

పనిమనిషిని మొదటి వారంలోనే పెట్టుకోండి. పాలు పోసే ఆవిడనే అడిగితే సరి, బ్రోకర్లు అక్కర్లేదు. మీ ఆఫీసు పనికి ఇంట్లో ఇంటర్నెట్ ఒక్కటే నమ్ముకోవద్దు, ఇద్దరి ఫోన్లలో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండనివ్వండి.

పాప చదువు గురించి మీరు పడుతున్నంత బెంగ అవసరం లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి, అబ్బాయి మూడో తరగతి. అమ్మాయి విషయంలో స్కూలు ప్రిన్సిపాల్‌ని ముందే కలిసి, పాఠాలు ఇంట్లో చదివించి ఏప్రిల్ పరీక్షలకు తీసుకొస్తామని లిఖితపూర్వకంగా ఒప్పించుకున్నాం. వారానికోసారి స్నేహితురాలు నోట్సు ఫొటోలు పంపేది. పరీక్షలు మేం తిరుగు ప్రయాణం పెట్టుకున్న తేదీకన్నా ముందే మొదలవడంతో, మావారు ఆమెను తీసుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఓ పది రోజులు ముందుగా వచ్చేశారు. మీరూ పరీక్షల టైంటేబుల్ అడిగి తెలుసుకున్నాకే తిరుగు టికెట్లు తీసుకోండి. అబ్బాయిని మాత్రం అక్కడి ప్రభుత్వ బడిలో వేశాం. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఏ కారణంతో ఊరు మారినా ప్రభుత్వ బడిలో చేరవచ్చు, పాత బడివాళ్ళు టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం మానకూడదు. అయితే టీసీ తీసుకుంటే మళ్ళీ మీ పాత స్కూల్లో సీటు ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. మావాడు ఎక్కాలు పెద్దగా నేర్చుకోలేదు కానీ "ఏటి", "గుంటడు", "ఎల్లిపోదాం" అన్నీ నేర్చుకుని వచ్చాడు. హైదరాబాద్ బళ్ళో నెల రోజులు వాడితో అవి చెప్పించుకుని నవ్వుకున్నారట.

పిల్లలకు అసలు బడి ఒడ్డునే. పొద్దున్నే వెళ్తే అలివి వల లాగడం చూడొచ్చు. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో వదులుతూ తిరిగి రెండో కొస ఒడ్డుకి తెస్తుంది. అటు పదిమంది, ఇటు పదిమంది గంటకు పైగా పాట పాడుతూ లాగుతారు. మా పిల్లలు కూడా ఓ చెయ్యి వేసేవాళ్ళు, కూలీగా దోసెడు నెత్తళ్ళు దొరికేవి. ఆ కూర ముందు హోటల్ భోజనం ఎందుకూ పనికిరాదు. జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్ళు గుడ్లను సేకరించి కంచె లోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. అలా వదిలే తెల్లవారుజామున మీ పాపని నిద్ర లేపి తీసుకెళ్ళండి. రాత్రిపూట మీ అంతట మీరు టార్చిలు పట్టుకుని వెతకబోకండి, వెలుగు చూస్తే అవి వెనక్కి పోతాయి. డచ్చివాళ్ళ సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధ స్థలం అన్నీ బీచ్ రోడ్డు దారిలోనే. విశాఖ, భీమిలి మధ్య తిరిగే 900కె బస్సు ఎక్కితే ఆ దారే సగం విహారం.

నీళ్ళ విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. తూర్పు తీరంలో సముద్రం చూడ్డానికి మెత్తగా ఉండి లోపలికి లాగేస్తుంది. అలలు విరిగి నురగ కక్కుతున్న చోట్ల మధ్య, అలలే లేని ప్రశాంతమైన దారి ఒకటి కనిపిస్తే అది స్నానానికి మంచి చోటు అనుకుంటాం. నీళ్ళు తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. ఇది మీవారికీ చెప్పండి, ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ ధైర్యం చేస్తారు. పిల్లలకు మోకాలి లోతు దాటకూడదని మేం పెట్టుకున్న నియమం ఒక్కరోజు కూడా సడలించలేదు. పున్నమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. ఆ రోజు దిగవచ్చా లేదా అన్నది వల బాగు చేసుకుంటున్న ఏ జాలరి పెద్దాయన్ని అడిగినా చెప్తాడు.

డబ్బు గురించి రెండు మాటలు. జీతం లేని సెలవులో కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగుతుందా అన్నది హెచ్‌ఆర్ దగ్గర రాతలో తీసుకోండి. మావారి విషయంలో నోటిమాటతో సరిపెట్టుకున్నాం. అబ్బాయికి జ్వరం వచ్చి విశాఖలో మూడు రోజులు ఆస్పత్రిలో ఉంటే, అప్పుడు తెలిసింది ఇన్సూరెన్స్ ఆగిపోయిందని. బిల్లంతా చేతి నుంచే. జీతం లేని నెలల్లో పీఎఫ్ జమ కూడా పడదు. నవల మీద హక్కు ఆయనదేనా, ఉద్యోగ ఒప్పందంలో బయటి పనుల గురించి ఏముందో కూడా చదువుకోమనండి. హైదరాబాద్ ఇంటి అద్దె, ఈఎంఐ ఆగవు కాబట్టి భీమిలి ఖర్చు వాటిపైన అదనం. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలదు, మళ్ళీ జీతం గాడిలో పడేదాకా ఇంకో మూడు నెలలది ఉండాలి. (యూనివర్సిటీ, కాలేజీ అధ్యాపకులు ఎవరైనా ఇది చదువుతుంటే: యూజీసీ నియమాల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్ళు నిండినవారికి సబాటికల్, అంటే చదువుకో పరిశోధనకో ఇచ్చే సెలవు, అడిగే వీలుంది, ఒకసారికి ఏడాది మించకుండా. నాకు ఆ హోదా లేక జీతం లేని సెలవే పెట్టాను.)

ఉప్పుగాలిని తక్కువ అంచనా వేయకండి. నెల తిరిగేసరికి సైకిలు చెయిను, గ్యాసు స్టవ్ బర్నరు, బీరువా తాళం తుప్పు పడతాయి. ల్యాప్‌టాప్ పని అవగానే సంచిలో పెట్టాలి, ఆ సంచిలో తేమ పీల్చే సిలికా పొట్లాలు పడేయండి. రాసినదాన్ని రోజూ రెండోచోట దాచాలి. కాగితాలు మెత్తబడతాయి, చేత్తో రాసే అలవాటుంటే మందం కాగితం కొనుక్కోమనండి. మావారి నీటిరంగుల కాగితాలైతే ఆరడానికి పూట పట్టి, అలలు అలలుగా లేచిపోయేవి.

ఇక చుట్టాలు. భీమిలిలో ఇల్లు తీసుకున్నామని తెలిసిన రోజు నుంచి మీకు ఎప్పుడూ ఫోన్ చేయని పెద్దమ్మ కూతురు కూడా పిల్లల్ని తీసుకుని బయల్దేరుతుంది. మొదటిసారి ఎనిమిది నెలల్లో మా ఇంటికి పదకొండు బృందాలు వచ్చాయి. ఒక బృందం తుపాను వచ్చిన నెలలోనే, "ఎలా ఉందో చూద్దామని" వచ్చింది. రెండోసారి ఇద్దరు ముగ్గురికి తప్ప ఊరి పేరు చెప్పలేదు. అబద్ధం చెప్పడం మీకు ఇష్టం లేకపోతే నెలకొక శని, ఆదివారాలు అతిథులకని ముందే ప్రకటించండి.

పుదుచ్చేరి, సూర్యలంక కూడా ఆలోచించామన్నారు. పుదుచ్చేరిలో అద్దెలు మండిపోతాయి, పాపకు భాష రాదు, ఆయన రాసేది తెలుగు నవల. సూర్యలంక నాకు ఇష్టమే కానీ బాపట్ల తొమ్మిది కిలోమీటర్లు, చిన్నపిల్లాడితో ప్రతిదానికీ ఆటో ఎక్కాలి. పెద్ద ఆస్పత్రి విషయంలో విశాఖ పక్కనుండటం భీమిలికి కలిసొస్తుంది.

ఇల్లు చూడ్డానికి ఇద్దరూ వెళ్ళండి, ఆయనొక్కరినీ పంపకండి, ఆయన మేడ మీది వరండా చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కార్తీకమాసంలో ఒక ఆదివారం వెళ్తే ఏ వీధిదాకా జనం వస్తారో, ఏ వీధి నుంచి ప్రశాంతంగా ఉంటుందో కంటితోనే తెలుస్తుంది. రాత్రి కూడా ఒకసారి నడిచి చూడండి. మేం ఉన్న ఇల్లు అడుగుతారేమో, పిన్నిగారి అబ్బాయి దుబాయ్ నుంచి వచ్చేసి ఇప్పుడు అందులోనే కాపురం ఉంటున్నాడు. నుయ్యి మాత్రం పూడ్చనివ్వలేదట ఆవిడ.